పదిహేడో నంబరు డమ్మీ

రాబోయే ఎన్నికల నాటికి దేశప్రజల రక్తంలోని కొవ్వును సగానికి సగం తగ్గించి తీరుతామని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఒక పెద్ద హోటలు ప్రారంభోత్సవంలో, రెండో ప్లేటు చేతిలో పట్టుకుని ఆయన ఈ చారిత్రక ప్రకటన చేశారు. "కొవ్వు లేని సమాజమే మా ధ్యేయం" అన్నారు. చప్పట్లు కొట్టడానికి వీలుగా చుట్టూ ఉన్నవాళ్ళంతా తమ ప్లేట్లు కింద పెట్టారు. ప్రజల కోసం ఆ మాత్రం త్యాగం చెయ్యగల మనుషులు మంత్రిగారి చుట్టూ ఎప్పుడూ ఉంటారు.

ఇందుకు కావలసిన మందు ప్రభుత్వ ఔషధ పరిశోధన సంస్థలో తయారై సిద్ధంగా ఉందని కూడా ఆయన అన్నారు. ఆ సంగతి మర్నాడు పొద్దున పేపర్లో చదివి సంస్థ డైరెక్టరుగారు చాలా సంతోషించారు. అంతవరకు ఆయనకు తెలియదు.

డైరెక్టరుగారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, పదవీకాలం పొడిగింపు కోసం ఎదురుచూస్తున్న మనిషి. అటువంటి అధికారి మంత్రిగారి మాట అబద్ధమని ఎన్నడూ అనుకోడు. ఇంకా నిజం కాలేదని మాత్రమే అనుకుంటాడు. అందుకని పేపరు చంకలో పెట్టుకుని మూడో అంతస్తుకు మెట్లెక్కి వెళ్ళారు. లిఫ్టు బాగానే ఉంది. కానీ కొవ్వు లేని సమాజంలో అధికారులు మెట్లెక్కి ఆదర్శంగా నిలవాలని అదే పేపర్లో ఉంది.

"కొవ్వు మేడమ్, మన దగ్గర మందు ఉందటగా?" అన్నారు రొప్పుతూ.

"మందు లేదు సర్. కాంపౌండ్ ఉంది."

"రెండింటికీ ఏమిటి తేడా?"

"ట్రయల్ సర్."

"ఓస్, అంతేనా," అన్నారు డైరెక్టరుగారు తేలికపడి. "చేసేద్దాం."

కొవ్వు మేడమ్ అన్నది ఆమెకు సంస్థవాళ్ళు పెట్టిన పేరు. మనిషిని చూస్తే ఫ్యాను స్పీడు పెంచినా ఎగిరిపోయేలా ఉంటుంది. రక్తంలో పేరుకునే కొవ్వును కరిగించే కొత్త రసాయనాలు తయారుచేసి పరీక్షించడం ఆమె పని. తయారుచేసిన ప్రతిదానికీ ఒక నంబరు పెట్టేది. ఒకటో నంబరు ఎలుకల మీద ఏ ప్రభావమూ చూపలేదు. ఐదోది కొవ్వుతో పాటు వాటి బొచ్చును కూడా రాల్చేసింది. పదకొండో నంబరు తిన్న ఎలుకల్లో కొవ్వు అద్భుతంగా తగ్గింది గాని, ఆ సంతోషం అనుభవించడానికి ఎలుకలు మిగల్లేదు. పదిహేడోది మాత్రం నిలబడింది. ఎలుకలు బాగున్నాయి, వాటి కాలేయాలు బాగున్నాయి, వాటి పిల్లలు బాగున్నాయి. ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది మనుషులకు ఇచ్చి చూస్తే, కాస్త కడుపులో వికారమని తప్ప ఎవరూ ఏమీ అనలేదు. ఇక జబ్బున్నవాళ్ళకు పెద్ద ఎత్తున ఇచ్చి చూడడమే మిగిలింది.

ఆ జబ్బున్నవాడు ఒకడు ఆమె ఇంట్లోనే ఉన్నాడు. ఆమె తమ్ముడు టైలరు. అక్కలాగే పుల్లలా ఉంటాడు, పిట్టలా తింటాడు. అయినా వాడి రక్తం తీసి నిలబెడితే కాసేపటికి పైభాగం పాలలా తెల్లగా తేలుతుంది. పుట్టుకతో వచ్చిన లోపం. తండ్రికీ అదే ఉండేది. ఒకరోజు కడుపునొప్పి అని పడుకుని ఆయన మళ్ళీ లేవలేదు. తమ్ముడికి అటువంటి నొప్పి ఇప్పటికి రెండుసార్లు వచ్చి తగ్గింది. మూడోసారి వస్తే మాట ఇవ్వలేనని ఆసుపత్రి డాక్టరు చెప్పేశాడు. పదిహేడో నంబరు నిజంగా పనిచేస్తుందో లేదో తెలుసుకోవాలని మంత్రిగారికంటే ఆమెకే ఎక్కువ తొందర. కాకపోతే ఆమె దాన్ని ప్రకటించలేదు.

మంత్రిగారు సంస్థను సందర్శించారు. ఎలుకల గదిలోకి వెళ్ళగానే ఆయనలోని మానవత్వం మేల్కొంది. ఒక వరస పంజరాల్లో ఎలుకలు చురుగ్గా తిరుగుతున్నాయి. రెండో వరసలోవి బద్ధకంగా, గుండ్రంగా పడి ఉన్నాయి.

"వీటికేమైంది?" అన్నారు.

రెండు వరసలకూ ఒకే రకం కొవ్వు మేత పెడుతున్నామనీ, మొదటి వరసకు పదిహేడో నంబరు ఇచ్చామనీ, రెండో వరసకు ఇవ్వలేదనీ కొవ్వు మేడమ్ వివరించింది.

"ఇవేం పాపం చేశాయి?"

"పోల్చి చూడ్డానికండి."

మంత్రిగారు ఒక లావుపాటి ఎలుక వంక చాలాసేపు చూశారు. ఎలుక కూడా ఆయన వంక చూసింది. ఇద్దరి మధ్యా ఏదో అవగాహన కుదిరినట్టే కనిపించింది. తన పొట్ట మీద చెయ్యి వేసుకుని, "దీని బాధ నాకు తెలుసు. నా ప్రభుత్వంలో ఏ ప్రాణికీ ఈ వివక్ష ఉండకూడదు" అన్నారు. సాయంత్రానికి అన్ని ఎలుకలకూ మందు అందింది. ఫొటో కూడా వచ్చింది. అందులో మంత్రిగారి పక్కన ఎలుక కొంచెం సన్నగా కనిపిస్తుంది.

ఆ తర్వాత సమావేశం జరిగింది. మంత్రిగారికి ఎడమవైపు ఆయన పి.ఏ. కూర్చున్నాడు. ఎంత చిక్కు సమస్యకైనా టీ చల్లారేలోగా పరిష్కారం చెప్పగలడని అతనికి పేరు. ట్రయల్ ఎలా జరగాలో కొవ్వు మేడమ్ మెల్లగా, స్పష్టంగా చెప్పింది. జబ్బున్నవాళ్ళను తీసుకోవాలి. చీటీలు వేసి రెండు జట్లు చెయ్యాలి. ఒక జట్టుకు పదిహేడో నంబరు, రెండో జట్టుకు అచ్చం దానిలాగే ఉండే పిండిబిళ్ళ ఇవ్వాలి. దాన్ని డమ్మీ అంటారు. ఎవరికి ఏది ఇచ్చారో చివరిదాకా అటు వేసుకునేవాళ్ళకూ తెలియకూడదు, ఇటు ఇచ్చేవాళ్ళకూ తెలియకూడదు.

మంత్రిగారు ప్రతి మాటా శ్రద్ధగా విన్నారు. విన్నవన్నీ కాదన్నారు. జనానికి ఉత్త పిండిబిళ్ళ ఇచ్చిన ప్రభుత్వమని పేరు తెచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చీటీలు వేస్తే పార్టీ కోసం జెండాలు మోసినవాడికీ ఇంట్లో కూర్చున్నవాడికీ తేడా లేకుండా పోతుంది. ఇక ఎవరికేమిచ్చామో ఎవరికీ తెలియకూడదంటే అది పారదర్శకతకే విరుద్ధం. రేపు పార్లమెంటులో ఎవరికిచ్చారని అడిగితే మాకే తెలియదని ఎలా చెప్పడం?

"డమ్మీ లేకపోతే మందు పనిచేసిందో లేదో తెలియదండి," అంది కొవ్వు మేడమ్.

డైరెక్టరుగారు బల్ల కింద ఆమె కాలు తొక్కారు. పి.ఏ. టీ కప్పు కింద పెట్టాడు.

"డమ్మీ ప్రతిపక్షానికి ఇద్దాం సర్. మనమేమిచ్చినా వాళ్ళు ఏమీ ఇవ్వలేదనే అంటారు. ఈసారి నిజమే చెప్పినట్టవుతుంది."

విజ్ఞానశాస్త్రానికీ ప్రజాస్వామ్యానికీ ఇంత సులువుగా రాజీ కుదరడం అక్కడున్నవాళ్ళెవరూ చూసి ఎరగరు. పారదర్శకత కోసం ఎవరికేది ఇస్తున్నామో పేర్లతో సహా పేపర్లో వెయ్యాలని కూడా నిర్ణయమైంది.

ట్రయల్ సంగతి తెలిసిన రోజు నుంచి తల్లి కొవ్వు మేడమ్ వెనకాలే తిరుగుతోంది. వంటింట్లో, వరండాలో, చివరికి స్నానాలగది తలుపు దగ్గర కూడా అదే మాట. తమ్ముడికి ఒక చోటు ఇప్పించమని. చీటీల పద్ధతి ఉంటే తన చేతిలో ఏమీ లేదని కూతురు అంతకుముందు చెబుతూ వచ్చింది. ఇప్పుడు చీటీలు లేవు. కాబట్టి సిగ్గు విడిచి డైరెక్టరుగారి గదికి వెళ్ళి, వాడి జబ్బు కాగితాలన్నీ బల్ల మీద పరిచింది.

డైరెక్టరుగారు సానుభూతితో కాగితాలు తిరగేశారు. "మీవాడిది ఏ పార్టీ?"

"పార్టీ లేదు సర్. జబ్బే ఉంది."

"అలాగైతే కష్టం మేడమ్. సిఫారసు ఉత్తరం లేకుండా జబ్బు ఒక్కటే అర్హతగా చూపితే, రేపు ఆడిట్‌వాళ్ళు అడుగుతారు."

సిఫారసు ఉత్తరాలు గోనెసంచులతో వస్తున్న మాట నిజం. అసలు మందు జట్టులో పేరుంటే మంత్రిగారి పక్కన ఫొటోలో నిలబడవచ్చు. పార్టీ యువనాయకుడొకడు ఉత్తరం తెచ్చాడు గాని, రక్తంలో కొవ్వు చాలక అనర్హుడయ్యాడు. ఇది తన రాజకీయ భవిష్యత్తు మీద జరిగిన కుట్ర అని అతను విలేఖరుల ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత పట్టుదలగా మూడు పూటలా వేపుళ్ళూ మిఠాయిలూ తిని, నెల తిరక్కుండా అర్హత సంపాదించాడు. ఈ తరం యువకుల్లో అంత దీక్ష అరుదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లి కూతురి కంచంలో వడ్డిస్తూ, "ఎలుకలకు దొరికింది, నా కొడుకుకు దొరకలేదు," అని ఊరుకుంది. తమ్ముడు నవ్వి, "నాకు మీసాలు సరిగ్గా లేవులేమ్మా," అన్నాడు. కొవ్వు మేడమ్ తల వంచుకుని తిని లేచింది.

ట్రయల్‌ను మంత్రిగారే ప్రారంభించారు. వేదిక మీద మొదటి బిళ్ళ తానే వేసుకున్నారు. ఆయన తర్వాత వరసగా పార్టీవాళ్ళు వేసుకున్నారు. అక్కడే భారీ విందు జరిగింది. కొవ్వు తగ్గించే మందు పడింది గనక ఇక భయం లేదని అందరూ కడుపారా తిన్నారు. ఆ తర్వాత కూడా ఎక్కడ విందు జరిగినా అదే ధైర్యంతో తిన్నారు. మంత్రిగారి చేతుల మీదుగా అందిన బిళ్ళ కదా అని కొందరు దాన్ని మింగకుండా ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఒక జిల్లా అధ్యక్షుడు తన అనుచరుల మధ్య అసూయ పుట్టకుండా ప్రతి బిళ్ళనూ నలుగురికి పంచి, చేతికంటిన పొడి తాను నాకేవాడు. నెలనెలా రక్తం తీసే కొవ్వు మేడమ్ ఇవన్నీ చూసి రిపోర్టులో రాసింది. రాసిన పేజీలను డైరెక్టరుగారు ఆప్యాయంగా తీసి పక్కన పెట్టారు.

డమ్మీ జట్టు సంగతి వేరు. ట్రయల్‌లో సగం వాటా కావాలని మొదట గొడవ చేసింది ప్రతిపక్షమే. వాటా వచ్చాక పేపర్లో చూసుకుంటే అంతా పిండిబిళ్ళలు. వాళ్ళు ఊరుకోలేదు. అన్యాయానికి సాక్ష్యంగా రోజూ పొద్దున కెమెరాల ముందు డమ్మీ మింగి, ఊరూరా పాదయాత్ర మొదలుపెట్టారు. పగలంతా ఎండలో నడక, మధ్యమధ్య నిరాహారదీక్షలు. అసలు మందు ఇచ్చేదాకా నూనె చుక్క ముట్టబోమని ప్రతిపక్ష నాయకుడు ప్రతిజ్ఞ చేశాడు. చేసిన ప్రతిజ్ఞ చుట్టూ కెమెరాలున్నందువల్ల నిలబెట్టుకోక తప్పలేదు.

ఆరు నెలలకు ఫలితాలు వచ్చాయి. అసలు మందు జట్టులో కొవ్వు పెరిగింది. డమ్మీ జట్టులో సగానికి సగం తగ్గింది.

డైరెక్టరుగారు ఆ కాగితాన్ని తలకిందులుగా కూడా పట్టుకుని చూశారు. పదవీకాలం పొడిగింపు కళ్ళముందే కరిగిపోతున్నట్టనిపించి, కొవ్వు మేడమ్‌ను వెంటబెట్టుకుని మంత్రిగారి బంగళాకు పరుగెత్తారు. ఒక జట్టు నడిచిందనీ రెండో జట్టు తిన్నదనీ, బిళ్ళలకు ఇందులో ప్రమేయం లేదనీ, ట్రయల్ మళ్ళీ మొదటినుంచి సరిగ్గా చెయ్యాలనీ ఆమె చెప్పబోయింది. మంత్రిగారు వినే స్థితిలో లేరు. తన పార్టీ ఓడిపోయిందన్న ఒక్క సంగతే ఆయనకు వినిపించింది.

పి.ఏ. టీ కప్పు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు.

"ఆ డమ్మీ ఎవరు తయారుచేశారు మేడమ్?"

"మేమేనండి. మన సంస్థలోనే."

"అయితే ఏడుస్తారెందుకు? రెండు బిళ్ళలూ ప్రభుత్వానివే. ఏది గెలిచినా గెలిచింది మనమే."

మర్నాడు మంత్రిగారు విలేఖరులను పిలిచి, తమ ప్రభుత్వం ప్రపంచంలోనే మొదటిసారిగా ఏ రసాయనమూ లేని మందును కనిపెట్టిందని ప్రకటించారు. దానికి దుష్ఫలితాలు లేవు. తయారీ ఖర్చు లేదు. ఎంత మింగినా ప్రమాదం లేదు. దానికి ప్రజాబిళ్ళ అని నామకరణం చేశారు. "ఇందులో ఏమీ లేకపోవడమే దీని గొప్పతనం. ఇది అచ్చంగా మా ఆలోచన" అన్నారు. దాన్ని మింగి నిరూపించింది తామేనని ప్రతిపక్షం ఘనత పంచుకోబోయింది. ఫ్యాక్టరీకి వెంటనే శంకుస్థాపన జరిగింది. డైరెక్టరుగారికి పదవీకాలం పొడిగింపు వచ్చింది. పదిహేడో నంబరును చెత్తబుట్టలో వెయ్యమని ఆదేశం కూడా వచ్చింది.

కొవ్వు మేడమ్ ఆ సాయంత్రం ఎలుకల గదిలోకి వెళ్ళింది. అప్పటికి అన్ని ఎలుకలూ చురుగ్గా తిరుగుతున్నాయి. ఏ వరస ఏదో చెప్పడం కష్టం.

ఇక్కడ మందుల అనుమతి బోర్డు గురించి ఒక మాట చెప్పుకోవాలి. అది చాలా కచ్చితమైన బోర్డు. ఎంత గొప్ప మందైనా, డమ్మీతో పోల్చి చూపితే గాని ఫ్యాక్టరీలో తయారీకి అనుమతి ఇవ్వదు. మందే డమ్మీ అయినా సరే ఈ నియమం తప్పదని ఉత్తరం రాసింది.

మళ్ళీ సమావేశం జరిగింది. ప్రజాబిళ్ళతో పోల్చడానికి డమ్మీగా ఏమివ్వాలన్నది సమస్య. పిండిబిళ్ళ ఇద్దామంటే అది ఇప్పుడు ప్రభుత్వ ఔషధం, దాన్ని డమ్మీ అనడం నేరం. సుద్ద ఇద్దామని డైరెక్టరుగారు అన్నారు. కొత్తగా సుద్ద కొనాలంటే టెండరు పిలవాలని పి.ఏ. గుర్తుచేశాడు. అప్పుడు మంత్రిగారే స్వయంగా ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నంతసేపూ ఎవరూ ఊపిరి పీల్చలేదు.

"మొన్న పనికిరాదని తేలింది చూశారూ, ఆ పదిహేడో నంబరు. అది మిగిలి ఉందా?"

"గోడౌన్ నిండా ఉంది సర్," అన్నారు డైరెక్టరుగారు.

"అదే ఇచ్చెయ్యండి డమ్మీగా. ఎలాగూ పనిచెయ్యదు. ప్రజల సొమ్ము వృథా కాకూడదు."

కొవ్వు మేడమ్ నోరు తెరిచింది. డైరెక్టరుగారు కాలు తొక్కడానికి సిద్ధమయ్యారు.

"డమ్మీ ఎవరెవరికి ఇమ్మంటారు సర్?" అంది ఆమె.

మంత్రిగారు నవ్వారు. "డమ్మీకి సిఫారసులేమిటమ్మా? నీ ఇష్టం వచ్చినవాళ్ళకు ఇచ్చుకో. చీటీలు వేసుకుంటావో ఏం చేసుకుంటావో."

"అలాగే సర్," అంది.

ఈసారి అధికార పార్టీ, ప్రతిపక్షం రెండూ ప్రజాబిళ్ళ కోసమే ఎగబడ్డాయి. దేశ రాజకీయాల్లో చాలాకాలానికి ఏర్పడిన ఏకాభిప్రాయం అది. తోసుకుని ముందుకు వచ్చినవాళ్ళంతా అటు పోగా, ఆసుపత్రి వరండాలో బెంచీల మీద కూర్చున్నవాళ్ళు మిగిలారు. వాళ్ళకు పార్టీ లేదు, ఉత్తరం లేదు. రక్తంలో కొవ్వు మాత్రం నిజంగా ఉంది. కొవ్వు మేడమ్ వాళ్ళతోనే ట్రయల్ పెట్టుకుంది. చీటీలు వేసింది. కొందరికి పిండిబిళ్ళ వచ్చింది, కొందరికి డమ్మీ వచ్చింది. పారదర్శకత నియమం ఇంకా అమల్లో ఉంది గనక ఏ డబ్బాలో ఏముందో పైన రాయక తప్పలేదు. ఆ బెంచీల మీదే కూర్చున్న తమ్ముడికి డమ్మీ వచ్చింది.

ఆమె ఎవరికీ అబద్ధం చెప్పలేదు. డమ్మీ వచ్చిన ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, డబ్బా మీద డమ్మీ అని ఉన్నా లోపల ఉన్నది అసలైన కాంపౌండేననీ, కడుపులో కొంచెం వికారం రావచ్చనీ, వస్తే వెంటనే చెప్పమనీ వివరించింది. ఎవరూ నమ్మలేదు. డాక్టరమ్మ మంచి మనిషి, డమ్మీ వచ్చినవాళ్ళ మనసు కష్టపడకుండా అలా అంటోందని వరండాలో చెప్పుకున్నారు. ఒక ముసలాయన ఆమెనే ఊరడించాడు. "ఫరవాలేదమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఉద్యోగం కదా," అన్నాడు.

ఇంట్లో తల్లి కూడా నమ్మలేదు. డబ్బా మీద అక్షరాలు కూడబలుక్కుని చదివి, దాన్ని బల్ల మీద దూరంగా పెట్టింది.

"దేశంలో ప్రతి గొట్టంగాడికీ అసలు మందు దొరికింది. నువ్వక్కడ ఉద్యోగం చేస్తూ సొంత తమ్ముడికి డమ్మీ తెచ్చావుటే?"

"అమ్మా, చెప్పానుగా. అదే పదిహేడో నంబరు."

"నన్ను ఊరడించకు. నేను పేపరు చదువుతాను."

తమ్ముడు మాత్రం అక్క మొహంలోకి ఒకసారి చూసి, డబ్బా తెరిచి, నీళ్ళు కూడా లేకుండా ఒక బిళ్ళ వేసుకున్నాడు. "నాకు కావలసింది ఇదేలే," అన్నాడు. వాణ్ణి చూసి తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పిచ్చివాడు, అక్క పరువు కాపాడుతున్నాడని పక్కింటావిడతో చెప్పుకుంది.

నెలలు గడిచాయి. బెంచీల మీదివాళ్ళు వేళకు వచ్చి రక్తమిచ్చి వెళ్ళారు. డమ్మీ కాబట్టి ఎవరూ దాన్ని ఫ్రేము కట్టించలేదు, నలుగురికి పంచలేదు, ఫొటోలకు నిలబడలేదు. చెప్పినప్పుడు మింగారు, చెప్పిన తిండి తిన్నారు. ఒక పొద్దున కొవ్వు మేడమ్ తమ్ముడి రక్తాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, తీసి, గాజుగొట్టాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుంది. పైన పాల తెలుపు లేదు. లేత పసుపురంగులో, అవతల రోడ్డు మీద వెళ్ళే బస్సు కనిపించేంత తేటగా ఉంది. నమ్మకం కుదరక ఇంకోసారి తీసి చూసింది. ఆ తర్వాత డమ్మీ డబ్బాలవాళ్ళందరి గొట్టాలూ వరసగా స్టాండులో నిలబెట్టింది. ఒకటి రెండు తప్ప అన్నీ అలాగే ఉన్నాయి. వాటి పక్కన పిండిబిళ్ళవాళ్ళ గొట్టాలు ఎప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. పక్క గదిలో సెంట్రీ కాపలాతో, మంత్రిగారి అనుచరుల గొట్టాలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

ఈసారి కూడా డమ్మీయే గెలిచిందని ఆమె డైరెక్టరుగారికి రిపోర్టు ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, సమగ్ర పరిశీలన కోసం ఒక కమిటీని వేశారు. కమిటీకి అధ్యక్షుడు ఆయనే గనక రిపోర్టు ఆయన బల్ల మీదనుంచి ఆయన బల్ల మీదికే వెళ్ళింది.

ఫ్యాక్టరీ ప్రారంభోత్సవం మాత్రం ఆగలేదు. రిబ్బను కత్తిరించబోతూ మంత్రిగారు పొట్ట పట్టుకుని కూర్చుండిపోయారు. కత్తెర చేతిలోనే ఉంది. అది ఫొటోకు భంగిమ అనుకుని కాసేపు అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. రక్తం తీసి నిలబెడితే గొట్టం సగందాకా తెల్లగా తేలింది.

"ఇదేమిటి, తెల్లగా ఉంది?" అన్నారట మంత్రిగారు నీరసంగా.

"స్వచ్ఛతండి," అన్నాడట పి.ఏ. ఆసుపత్రి డాక్టరు మాత్రం పి.ఏ.ను వరండాలోకి పిలిచి, అంత సరదాగా మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం కొవ్వు మేడమ్ బల్ల దగ్గర ఫోన్ మోగింది. తల్లి. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"ఏమే, వాడి డమ్మీ అయిపోవచ్చింది. వచ్చేటప్పుడు ఇంకో డబ్బా పట్రా. చూసి తీసుకో. ఎవరైనా పొరపాటున అసలు మందు ఇచ్చేరు, తెచ్చేవు."

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో పి.ఏ. నిలబడి ఉన్నాడు. వెనక మెట్ల మీదుగా వచ్చాడు. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు. ఈసారి చేతిలో టీ కప్పు లేదు.

"ఒక చిన్న సహాయం మేడమ్. మీ రిపోర్టు డైరెక్టరుగారి బల్ల మీద చూశాను. మా దూరపు బంధువు ఒకాయన ఉన్నారు. ఆయనకు ఆ డమ్మీ ఒక డబ్బా కావాలి."

"బంధువుగారికి నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున, కత్తెర పట్టుకోగానే..." అని పి.ఏ. ఆగాడు. కొవ్వు మేడమ్ ఏమీ వినిపించనట్టు అల్మారా తెరిచింది. ఎంత మోతాదు వెయ్యాలో, ఏది తినకూడదో, ఆసుపత్రి డాక్టరుకు ఏమని చెప్పాలో కాగితం మీద రాసి డబ్బాతో పాటు ఇచ్చింది. అందులో ఉన్నది పదిహేడో నంబరు అని కూడా చెప్పింది.

పి.ఏ. అవన్నీ విననే లేదు. డబ్బా మీద అక్షరాల వంకే చూస్తున్నాడు.

"ఒక్క చిక్కుంది మేడమ్. డమ్మీ వేసుకుంటున్నారని బయటికి పొక్కితే మా బంధువుగారి పరువు పోతుంది. కొంచెం ఈ లేబుల్ మార్చి ఇవ్వగలరా?"

"ఏమని రాయమంటారు?"

"అసలు మందు అని రాయండి. లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు?"

కొవ్వు మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. పాత లేబుల్‌ను గోరుతో అంచునుంచి మెల్లగా ఊడదీసింది. కొత్తది తీసి, కలం విదిలించి, అతను చెప్పినట్టే రాసింది. రాసింది ఆరేదాకా ఊది, డబ్బాకు అంటించి, ముడత లేకుండా బొటనవేలితో రెండుసార్లు నొక్కింది.